బ్రౌజర్ ట్యాబ్‌లోనే టొరెంట్ స్ట్రీమింగ్: మీ వీడియోను పీర్ టు పీర్ పద్ధతిలో చూపించడం ఎలా?

మీ దగ్గర ఒక వీడియో ఉంది, దాన్ని చాలామందికి చూపించాలి. సర్వర్‌లో పెడితే ఎంతమంది చూస్తే అన్నిసార్లు ఫైల్ మొత్తం ఆ సర్వర్ నుంచే వెళ్లాలి. చూసేవాళ్లు పెరిగేకొద్దీ బ్యాండ్‌విడ్త్ ఖర్చూ పెరుగుతుంది. టొరెంట్ పద్ధతిలో అయితే చూస్తున్నవాళ్లే ఒకరికొకరు ఫైల్ ముక్కలు అందించుకుంటారు. ఇలా అందించుకునే ప్రతి కంప్యూటర్‌నూ పీర్ అంటారు. ఏ సాఫ్ట్‌వేరూ ఇన్‌స్టాల్ చేయకుండా, మామూలు వెబ్ పేజీ తెరవగానే ఇదంతా జరిగేలా ఎలా చేయాలో చూద్దాం.

జావాస్క్రిప్ట్ కాస్త తెలిస్తే చాలు, పెద్ద కష్టమేమీ కాదు. కానీ లోపల ఏం జరుగుతోందో తెలియకుండా కోడ్ అతికిస్తే, మీ కంప్యూటర్‌లో చక్కగా ఆడే వీడియో మిగతావాళ్ల దగ్గర చక్రం తిరుగుతూ ఉండిపోతుంది. అందుకే ఏం చేయాలో చెప్పిన ప్రతిచోటా ఎందుకో కూడా చెబుతాను.

మామూలు టొరెంట్‌కీ దీనికీ తేడా

బ్రామ్ కోహెన్ 2001లో విడుదల చేసిన బిట్‌టొరెంట్ ఇప్పటికీ అదే పద్ధతిలో నడుస్తోంది. ఫైల్‌ను ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ ఒక హ్యాష్ (ఆ ముక్కకు వేలిముద్ర లాంటి సంఖ్య) లెక్కగట్టి, ఆ హ్యాష్‌ల జాబితాను టొరెంట్ ఫైల్‌లో పెడతారు. ముక్క ఎవరి దగ్గర నుంచి వచ్చినా హ్యాష్ సరిపోతేనే తీసుకుంటారు. అందుకే ముక్కూమొహం తెలియనివాళ్ల నుంచి డేటా తీసుకున్నా ఫైల్ పాడవదు.

డెస్క్‌టాప్ క్లయింట్లు, అంటే కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకునే టొరెంట్ ప్రోగ్రాములు, టీసీపీ, యూడీపీ అనే రకాల కనెక్షన్ల మీద మాట్లాడుకుంటాయి. వెబ్ పేజీకి ఆ అవకాశం లేదు. భద్రత కోసం బ్రౌజర్లు పేజీలను నేరుగా అలాంటి కనెక్షన్లు తెరవనివ్వవు. రెండు బ్రౌజర్లు నేరుగా మాట్లాడుకోవాలంటే ఉన్న దారి వెబ్‌ఆర్‌టీసీ. వీడియో కాల్స్ కోసం వచ్చిన టెక్నాలజీయే అయినా, అందులో డేటా ఛానెల్ అనే భాగం ఉంది. దాని గుండా ఏ డేటానైనా పంపవచ్చు. ఫెరోస్ అబూఖదీజె మొదలుపెట్టిన వెబ్‌టొరెంట్ ప్రాజెక్టు బిట్‌టొరెంట్ సందేశాలను ఈ డేటా ఛానెల్ మీద నడిపిస్తుంది.

దీనివల్ల వచ్చే చిక్కును ముందే తెలుసుకోండి. బ్రౌజర్‌లోని పీర్, వెబ్‌ఆర్‌టీసీ తెలిసిన పీర్లతో మాత్రమే కలవగలదు. డెస్క్‌టాప్ క్లయింట్‌లో వందల సీడ్లు (ఫైల్ మొత్తం ఉన్న పీర్లు) కనిపించే టొరెంట్, బ్రౌజర్‌లో పెడితే సున్నా పీర్లు చూపించవచ్చు. అక్కడ తప్పు మీ కోడ్‌ది కాదు, ఆ సీడ్లకు మీ బ్రౌజర్ భాష రాదు. వెబ్‌టొరెంట్ డెస్క్‌టాప్ లాంటి క్లయింట్లకు రెండు భాషలూ వచ్చు. అవి మామూలు టొరెంట్ పీర్ల నుంచి తీసుకుని బ్రౌజర్లకు ఇవ్వగలవు. ట్రాకర్ (ఒకే టొరెంట్‌లో ఉన్న పీర్లను కలిపే సర్వర్) లేకుండా పీర్లను వెతికే డీహెచ్‌టీ అనే పద్ధతి యూడీపీ మీద నడుస్తుంది కాబట్టి అదీ బ్రౌజర్‌కు అందదు. ఇక్కడ ట్రాకర్ తప్పనిసరి.

1. వీడియోను ముందే సిద్ధం చేయండి

చాలామంది తేలిగ్గా తీసుకునేది ఈ అడుగునే, తర్వాత ఎక్కువగా ఇబ్బంది పెట్టేదీ ఇదే. టొరెంట్ తయారయ్యాక ఫైల్‌లో ఒక్క బైట్ మారినా ఇన్ఫోహ్యాష్ (టొరెంట్‌ను గుర్తించే హ్యాష్) మారిపోతుంది, అంటే అది వేరే టొరెంట్ అవుతుంది. కాబట్టి సరిచేయాల్సినవన్నీ ఇప్పుడే సరిచేయాలి.

మొదట ఫార్మాట్. టొరెంట్ ముక్కలు మాత్రమే తెస్తుంది, ఆడించేది బ్రౌజరే. బ్రౌజర్‌కు చేతకాని ఫార్మాట్ అయితే ముక్కలన్నీ వచ్చినా బొమ్మ రాదు. హెచ్ 264 వీడియో, ఏఏసీ ఆడియో ఉన్న ఎంపీ4 ఫైల్ దాదాపు అన్ని బ్రౌజర్లలోనూ ఆడుతుంది. వీపీ9 ఉన్న వెబ్ఎం కూడా మంచిదే. ఎంకేవీని మాత్రం నమ్ముకోకండి.

రెండోది, ఎంపీ4 లోపలి అమరిక. ఎంపీ4 ఫైల్ కొన్ని పెట్టెల వరుసగా ఉంటుంది. అసలు బొమ్మ, శబ్దం ఉండేది ఎండాట్ అనే పెట్టెలో. ఏ ఫ్రేమ్ ఫైల్‌లో ఎక్కడుంది, ఏ కోడెక్‌తో (కుదింపు పద్ధతితో) ఉంది, నిడివి ఎంత అనే సూచిక అంతా మూవ్ అనే పెట్టెలో. చాలా ఎన్‌కోడర్లు మూవ్ పెట్టెను ఫైల్ చివర్లో రాస్తాయి, ఎందుకంటే వీడియో అంతా రాశాకే ఆ లెక్కలు పూర్తవుతాయి. డిస్క్ మీద ఉన్న ఫైల్‌కు దీంతో ఇబ్బంది లేదు. టొరెంట్‌లో ఉంది. సూచిక లేకుండా ప్లేయర్ మొదటి ఫ్రేమ్ కూడా చూపించలేదు కాబట్టి ముందుగా ఫైల్ చివరి ముక్కలు తెప్పించుకోవాలి.  అవి వచ్చేదాకా కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరూ బొమ్మ కోసం ఆగాల్సిందే.

దీనికి మందు ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో టూల్‌లో ఉంది. ఎంపీ4 రాసేటప్పుడు మూవ్‌ఫ్లాగ్స్ అనే సెట్టింగ్‌కు ఫాస్ట్‌స్టార్ట్ అనే విలువ ఇవ్వండి. వీడియో, ఆడియో రెండింటికీ కోడెక్ కాపీ అని చెబితే మళ్లీ ఎన్‌కోడ్ చేయాల్సిన పని ఉండదు, నాణ్యతా తగ్గదు. ఫాస్ట్‌స్టార్ట్ మూవ్ పెట్టెను మొదటికి తెచ్చి పెడుతుంది.

మూడోది బిట్‌రేట్, అంటే ఒక సెకను వీడియోకు ఎంత డేటా పడుతుందనేది. సర్వర్ నుంచి ఆడించేటప్పుడు కంటే ఇక్కడ కాస్త తగ్గించుకోవడమే మేలు. ఇళ్లలోని కనెక్షన్లలో చాలావాటికి డౌన్‌లోడ్ వేగం ఎక్కువ, అప్‌లోడ్ వేగం తక్కువ. మన పద్ధతి నిలబడేది ఆ అప్‌లోడ్ మీదే.

2. టొరెంట్ తయారు చేయండి

వెబ్‌టొరెంట్ డెస్క్‌టాప్‌లోకి ఫైల్‌ను లాగి వదిలితే టొరెంట్ తయారవుతుంది, సీడింగ్ కూడా మొదలవుతుంది. కమాండ్ లైన్ అలవాటున్నవాళ్లకు వెబ్‌టొరెంట్ టూల్ నోడ్ ప్యాకేజీగా దొరుకుతుంది.

ఇక్కడ మీరు ఆలోచించాల్సింది ముక్క సైజు. 300 ఎంబీ ఫైల్‌ను 256 కేబీ ముక్కలుగా చేస్తే 1200 ముక్కలు వస్తాయి. ఒక్కో ముక్కకు ఎస్‌హెచ్‌ఏ-1 హ్యాష్ 20 బైట్లు, మొత్తం 24,000 బైట్లు. టొరెంట్ ఫైల్‌కు అది పెద్ద బరువు కాదు. ఇప్పుడు అదే ఫైల్‌ను 4 ఎంబీ ముక్కలు చేశారనుకోండి. జాబితా చిన్నదవుతుంది, కానీ స్ట్రీమింగ్ దెబ్బతింటుంది. ముక్క పూర్తిగా వస్తేనే దాని హ్యాష్ సరిచూడగలం, సరిచూశాకే ప్లేయర్‌కు ఇవ్వగలం. సెకనుకు 3 మెగాబిట్ల వీడియోలో 4 ఎంబీ ముక్క అంటే దాదాపు 11 సెకన్ల వీడియో. మొదటి ఫ్రేమ్ కోసం ఆ 11 సెకన్ల డేటా అంతా రావాలి. 256 కేబీ ముక్క అయితే అందులో ఉండేది సెకను కంటే తక్కువ, కాబట్టి బొమ్మ వెంటనే మొదలవుతుంది. ముందుకు జరిపినప్పుడు కూడా ఇంతే. వందల ఎంబీల ఫైళ్లకు 256 లేదా 512 కేబీ పెట్టుకోండి. గిగాబైట్లు దాటితే 1 ఎంబీ వరకు వెళ్లవచ్చు.

ట్రాకర్ల జాబితాలో కనీసం ఒక వెబ్‌సాకెట్ (పేజీకీ సర్వర్‌కూ మధ్య తెరిచి ఉండే కనెక్షన్) ట్రాకర్ ఉండాలి. యూడీపీ ట్రాకర్లు ఎన్ని పెట్టినా బ్రౌజర్‌కు ఉపయోగం లేదు. మీ పేజీ హెచ్‌టీటీపీఎస్ మీద ఉంటుంది కాబట్టి ట్రాకర్ కూడా సురక్షితమైన వెబ్‌సాకెట్ అడ్రస్‌తోనే ఉండాలి, లేకపోతే బ్రౌజర్ ఆపేస్తుంది. ఓపెన్‌వెబ్‌టొరెంట్ లాంటి పబ్లిక్ ట్రాకర్లు పరీక్షలకు సరిపోతాయి. నలుగురికీ ఇచ్చే పేజీకి మాత్రం సొంత ట్రాకర్ పెట్టుకోండి. బిట్‌టొరెంట్ ట్రాకర్ అనే నోడ్ ప్యాకేజీ వెబ్‌సాకెట్‌తో సహా అన్ని రకాల ట్రాకర్లనూ నడుపుతుంది. వీడియో దాని గుండా పోదు, కనుక చిన్న సర్వర్ చాలు.

3. వెబ్ సీడ్ జోడించండి

దీన్ని వదిలేయవద్దని గట్టిగా చెబుతాను. బ్రౌజర్ ట్యాబ్ మూస్తే ఆ పీర్ పోయినట్టే. మొబైల్‌లో వేరే యాప్‌కు వెళ్లినా ట్యాబ్ నిద్రపోవచ్చు. డెస్క్‌టాప్ టొరెంట్‌లో లాగా రాత్రంతా సీడ్ చేసేవాళ్లు ఇక్కడ ఉండరు. రాత్రి 2 గంటలకు ఎవరో ఒక్కరే వచ్చి పేజీ తెరిస్తే వాళ్లకు ముక్కలు ఎవరిస్తారు?

వెబ్ సీడ్ అంటే మామూలు హెచ్‌టీటీపీ సర్వర్‌లో ఉన్న అదే ఫైల్. దాని అడ్రస్‌ను టొరెంట్‌లో రాస్తే, క్లయింట్ దాన్ని కూడా ఒక పీర్‌గా చూసి కావాల్సిన ముక్కలు అడుగుతుంది. పీర్లు ఉన్నంతసేపు వాళ్ల నుంచీ, లేనప్పుడు ఇక్కడి నుంచీ వస్తాయి. ఆ సర్వర్‌కు మూడు లక్షణాలు ఉండాలి. ఫైల్‌లో అడిగిన భాగాన్ని మాత్రమే ఇచ్చే రేంజ్ రిక్వెస్టులు దానికి తెలియాలి. మీ పేజీ వేరే డొమైన్‌లో ఉంటే సీఓఆర్ఎస్ హెడర్‌తో అనుమతి ఇవ్వాలి. ఫైల్‌ను ఉన్నదున్నట్టు ఇవ్వాలి. మధ్యలో ఏ సర్వీసైనా వీడియోను కుదించినా, మళ్లీ ఎన్‌కోడ్ చేసినా ప్రతి ముక్క హ్యాషూ తప్పుతుంది, ఒక్కటీ పనికిరాదు.

ఎంత భారం దీని మీద పడుతుందో చిన్న లెక్క వేసుకోవచ్చు. సెకనుకు 3 మెగాబిట్ల వీడియోను 10 మంది చూస్తుంటే మొత్తం 30 మెగాబిట్లు కావాలి. ఒక్కొక్కరూ 2 మెగాబిట్లు అప్‌లోడ్ చేయగలిగితే తమలో తాము 20 వరకు అందించుకోగలరు. మిగిలిన 10 సీడ్ ఇవ్వాలి. ఇది మంచి పరిస్థితుల్లో వచ్చే లెక్క. అసలు లెక్క ఇంతకంటే ఎందుకు తగ్గుతుందో కింద చెబుతాను.

4. పేజీలో ప్లేయర్ పెట్టండి

వెబ్‌టొరెంట్ లైబ్రరీని పేజీలో చేర్చండి. దాని రెండో వెర్షన్‌లో వీడియో ఆడించేది సర్వీస్ వర్కర్ (పేజీ పంపే రిక్వెస్టులను మధ్యలో పట్టుకునే స్క్రిప్ట్) ద్వారా. ఆ వర్కర్ ఫైల్ లైబ్రరీతో పాటే వస్తుంది. దాన్ని మీ సొంత డొమైన్‌లోనే పెట్టాలి, వేరే సైట్ నుంచి లింక్ చేస్తే పనిచేయదు. పేజీ హెచ్‌టీటీపీఎస్ మీద ఉండాలి, లోకల్‌హోస్ట్‌కు మాత్రం మినహాయింపు ఉంది.

కోడ్‌లో వరుస ఇది. సర్వీస్ వర్కర్‌ను రిజిస్టర్ చేసి, అది యాక్టివ్ అయ్యేదాకా ఆగండి. వెబ్‌టొరెంట్ క్లయింట్‌ను సృష్టించి, క్రియేట్‌సర్వర్ ఫంక్షన్‌కు ఆ రిజిస్ట్రేషన్ ఇవ్వండి. తర్వాత యాడ్ ఫంక్షన్‌కు మ్యాగ్నెట్ లింక్ గానీ టొరెంట్ ఫైల్ అడ్రస్ గానీ ఇవ్వండి. టొరెంట్ సిద్ధమయ్యాక ఫైల్స్ జాబితాలో ఎంపీ4ను వెతికి, దాని స్ట్రీమ్‌టు ఫంక్షన్‌కు పేజీలోని వీడియో ఎలిమెంట్ ఇస్తే సరిపోతుంది. యాక్టివ్ అయ్యేదాకా ఆగడం మరిచిపోతే, మొదటిసారి తెరిచినప్పుడు వీడియో రాదు, రిఫ్రెష్ చేస్తే వస్తుంది. ఈ లక్షణం కనిపిస్తే అక్కడే వెతకండి.

మ్యాగ్నెట్ లింకా, టొరెంట్ ఫైలా అంటే నేను టొరెంట్ ఫైలే ఇస్తాను. మ్యాగ్నెట్ లింక్‌లో ఉండేది ఇన్ఫోహ్యాష్, పేరు, ట్రాకర్ల అడ్రస్‌లు. ముక్కల హ్యాష్ జాబితా ఉండదు, దాన్ని వేరే పీర్‌ను అడిగి తెచ్చుకోవాలి. పీర్ దొరికేదాకా ఏమీ కదలదు. వెబ్ సీడ్ అడ్రస్ లింక్‌లో ఉన్నా, జాబితా లేకుండా ముక్కలు సరిచూడలేరు కాబట్టి అది కూడా ఎదురుచూడాల్సిందే. టొరెంట్ ఫైల్ మీ సైట్ నుంచే వస్తే ఆ ఆలస్యమంతా తప్పుతుంది.

ఇక ప్లే నొక్కితే ఏం జరుగుతుంది? వీడియో ఎలిమెంట్ ఒక మామూలు అడ్రస్‌కు రేంజ్ రిక్వెస్టు పంపుతున్నాననే అనుకుంటుంది. సర్వీస్ వర్కర్ దాన్ని మధ్యలో పట్టుకుని పేజీలోని క్లయింట్‌కు చెబుతుంది. క్లయింట్ ఆ బైట్లు ఏ ముక్కల్లో ఉన్నాయో చూసి, వాటికి ప్రాధాన్యం పెంచి, వచ్చిన ముక్కను సరిచూసి జవాబుగా పంపుతుంది. మీరు వీడియోను సగానికి జరిపితే కొత్త రేంజ్ రిక్వెస్టు పుడుతుంది, ప్రాధాన్యం అక్కడికి మారుతుంది.

పీర్లు కలిసే తీరు కూడా చూడదగ్గదే. క్లయింట్ ట్రాకర్‌కు తన ఇన్ఫోహ్యాష్ చెప్పి, కొన్ని వెబ్‌ఆర్‌టీసీ ఆఫర్లు ఇస్తుంది. ట్రాకర్ వాటిని అదే టొరెంట్‌లో ఉన్న ఇతరులకు పంచుతుంది. వాళ్ల జవాబులు ట్రాకర్ ద్వారానే తిరిగి వస్తాయి. రెండువైపులా స్టన్ సర్వర్‌ను అడిగి తమ బయటి ఐపీ, పోర్ట్ తెలుసుకుని, నేరుగా కలవడానికి ప్రయత్నిస్తాయి. కనెక్షన్ కుదిరాక ట్రాకర్‌కు ఆ జంటతో పని లేదు. అప్పటి నుంచి డేటా ఎన్‌క్రిప్ట్ అయి నేరుగా ఒకరి నుంచి మరొకరికి వెళ్తుంది.

ఎవరు ఎవరికి ఇవ్వగలరు?

పైన వేసిన 20 మెగాబిట్ల లెక్క ఎందుకు పూర్తిగా అందదో చూద్దాం. మామూలు టొరెంట్ క్లయింట్ అరుదైన ముక్కను ముందు తెచ్చుకుంటుంది. అందువల్ల ఒక్కొక్కరి దగ్గర వేర్వేరు ముక్కలు ఉంటాయి, అందరి దగ్గరా ఇతరులకు కావాల్సింది ఏదో ఒకటి ఉంటుంది. స్ట్రీమింగ్‌లో అలా కుదరదు. తర్వాతి సీన్ ఇప్పుడే కావాలి, కాబట్టి ముక్కలు వరుసగానే రావాలి.

దాంతో సరఫరా ఒకే దిక్కున నడుస్తుంది. 10వ నిమిషం చూస్తున్నవారు 3వ నిమిషంలో ఉన్నవారికి ఇవ్వగలరు. 3వ నిమిషంలో ఉన్నవారి దగ్గర 10వ నిమిషం వారికి కావాల్సింది ఏమీ లేదు. అందరికంటే ముందున్నవారు పూర్తిగా సీడ్ మీదే ఆధారపడతారు. 50 మందీ ఒకే క్షణంలో ప్లే నొక్కితే అందరికీ ఒకే ముక్క, ఒకేసారి కావాలి. అది ఇంకా ఎవరి దగ్గరా ఉండదు, అందరూ సీడ్ మీదే పడతారు. వాళ్లే కాస్త అటూ ఇటూగా వస్తే ముందువాళ్లు వెనకవాళ్లకు హాయిగా అందిస్తారు.

కాబట్టి చూస్తున్న చోటికి మాత్రమే కాక, వేగం ఉన్నవాళ్ల దగ్గర మిగతా ఫైల్ కూడా వెనకాల డౌన్‌లోడ్ అవనివ్వండి. వెబ్‌టొరెంట్ మామూలుగా ఫైల్ మొత్తం తెచ్చుకునే ప్రయత్నమే చేస్తుంది, మీరు దాన్ని ఆపకుండా ఉంటే చాలు. వీడియో అయిపోయాక కూడా పేజీ మీద చదవడానికి ఏదైనా ఉంటే ట్యాబ్ ఇంకాసేపు తెరిచి ఉంటుంది. ఫైల్ మొత్తం చేతిలో ఉన్న ఆ పీర్ అందరికంటే విలువైన పీర్.

5. నిజమైన పరిస్థితుల్లో పరీక్షించండి

ఒకే కంప్యూటర్‌లో రెండు ట్యాబులు తెరిచి, పనిచేసిందని సంతోషపడవద్దు. ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నవి తేలిగ్గా కలుస్తాయి, రౌటర్ అడ్డు రాదు. ఒకటి వైఫై మీద, ఇంకొకటి మొబైల్ డేటా మీద పెట్టి చూడండి. పరీక్ష చేసేటప్పుడు వెబ్ సీడ్ తీసేయండి. అది ఉంటే వీడియో ఎలాగూ ఆడుతుంది, పీర్లు అసలు కలుస్తున్నారో లేదో మీకు తెలియదు.

వీడియో ఆడకపోతే ఈ వరుసలో వెతకండి. పీర్ల సంఖ్య సున్నా అయితే ముందు ట్రాకర్ కనెక్షన్ చూడండి. డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ విభాగంలో వెబ్‌సాకెట్ తెరిచి ఉందో లేదో కనబడుతుంది. ట్రాకర్ బాగానే ఉండి పీర్లు కలవకపోతే అడ్డం రౌటర్లు. క్రోమ్‌లో వెబ్‌ఆర్‌టీసీ ఇంటర్నల్స్ పేజీలో ప్రతి కనెక్షన్ ఎక్కడ ఆగిందో కనిపిస్తుంది. పీర్లు ఉండి, డౌన్‌లోడ్ జరుగుతూ, బొమ్మ మాత్రం రాకపోతే తప్పు ఫైల్‌ది. మొదటి అడుగులో చెప్పిన కోడెక్, మూవ్ పెట్టె చూడండి.

కొన్ని నెట్‌వర్క్‌లలో, ముఖ్యంగా ఆఫీసుల్లో, ఒక్కో గమ్యానికీ వేరే పోర్ట్ ఇచ్చే రకం నాట్ (లోపలి అడ్రస్‌లను బయటి అడ్రస్‌గా మార్చే రౌటర్ ఏర్పాటు) ఉంటుంది. అక్కడ స్టన్ సరిపోదు, మధ్యలో టర్న్ సర్వర్ పెట్టి డేటా అంతా దాని గుండా పంపాలి. నా మాటగా చెప్పాలంటే, వీడియో కోసం టర్న్ పెట్టకండి. ప్రతి బైటూ మీ సర్వర్ గుండానే పోతే పీర్ టు పీర్ చేసిన ఫలితమే పోతుంది. అలాంటివాళ్లు వెబ్ సీడ్ నుంచి చూస్తారు, ఎవరికీ నష్టం లేదు.

6. చూసేవాళ్లకు చెప్పి చేయండి

ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. పేజీ తెరిచినవాళ్ల అప్‌లోడ్ మీరు వాడుకుంటున్నారు. మొబైల్ డేటా మీద ఉన్నవాళ్ల ప్యాక్ వాళ్లకు తెలియకుండానే ఖర్చవుతుంది. పైగా పీర్లు నేరుగా కలుస్తారు కాబట్టి ఒకరి ఐపీ అడ్రస్ మరొకరికి కనిపిస్తుంది. ఎన్‌క్రిప్షన్ దారిలో ఉన్నవాళ్ల నుంచి డేటాను కాపాడుతుంది, అవతలి పీర్ నుంచి మీ ఐపీని దాచదు. సున్నితమైన విషయం మీద వీడియో అయితే, ఎవరెవరు చూస్తున్నారో ఇతరులు పసిగట్టే వీలుంది. ప్లే బటన్ పక్కనే ఈ సంగతి రెండు వాక్యాల్లో రాసి, వద్దనుకునేవాళ్లకు మామూలు సర్వర్ నుంచి చూసే దారి ఇవ్వండి.

టొరెంట్‌లో చూడటమంటే పంచడం కూడా. హక్కులు లేని సినిమా పెడితే మీతో పాటు చూసిన ప్రతి ఒక్కరూ దాన్ని అప్‌లోడ్ చేసినవాళ్లవుతారు. మీరు తీసిన వీడియోలు, లేదా క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ ఉన్నవే వాడండి. పరీక్షలకు బ్లెండర్ వాళ్లు ఆ లైసెన్స్‌తో విడుదల చేసిన యానిమేషన్ చిత్రాలు బాగా పనికొస్తాయి.

ఈ పద్ధతి సరిపోని చోట

ఒక టొరెంట్‌లో ఒక ఫైల్, ఒకే నాణ్యత. నెట్ నెమ్మదిస్తే తక్కువ నాణ్యతకు దానంతటదే మారే సౌకర్యం ఇందులో లేదు. ప్రత్యక్ష ప్రసారం కూడా కుదరదు, ఎందుకంటే ఇంకా పుట్టని డేటాకు హ్యాష్ కట్టలేం. ఫ్రామాసాఫ్ట్ తయారు చేసిన పీర్‌ట్యూబ్ అనే వీడియో వేదిక మొదట్లో వెబ్‌టొరెంట్ మీదే నడిచింది. తర్వాత హెచ్‌ఎల్‌ఎస్‌కు మళ్లి, 2023లో వచ్చిన 6వ వెర్షన్‌లో వెబ్‌టొరెంట్‌ను తీసేసింది. హెచ్‌ఎల్‌ఎస్‌లో వీడియోను కొన్ని సెకన్ల చిన్న ఫైళ్లుగా, పలు నాణ్యతల్లో పెడతారు. పీ2పీ మీడియా లోడర్ అనే లైబ్రరీ ఆ చిన్న ఫైళ్లను వెబ్‌ఆర్‌టీసీ మీద పీర్ల మధ్య పంచుతుంది. పీర్లను కలపడానికి అదీ వెబ్‌టొరెంట్ ట్రాకర్లనే వాడుతుంది, కాబట్టి రెండో అడుగులో పెట్టిన ట్రాకర్ అక్కడా పనికొస్తుంది. లైవ్ పెట్టాలన్నా, రకరకాల నెట్ వేగాలున్న పెద్ద ప్రేక్షక సమూహం ఉన్నా అటు వెళ్లండి. స్థిరమైన ఒక వీడియో, అందరూ ఒకేసారి రాని ప్రేక్షకులు, పక్కన ఒక వెబ్ సీడ్ ఉంటే పైన చెప్పిన అమరికే సరిపోతుంది.